మన్యంలో ప్రభుత్వ ఆసుపత్రుల నాణ్యతా సమాచారం: రోగులు కోరేదేమిటి, వైద్యులు కోరేదేమిటి?

ప్రత్యేక వ్యాసం

ప్రభుత్వ ఆసుపత్రులలో అందుతున్న వైద్యం ఏ స్థాయిలో ఉన్నదో తెలుసుకొనే హక్కు ప్రజలకు ఉన్నది. ఆ సమాచారాన్ని అర్థమయ్యే రీతిలో అందజేయవలసిన బాధ్యత యంత్రాంగానిది. మైదాన ప్రాంతంలో ఈ సమాచారం ప్రధానంగా ఎంపికకు ఉపయోగపడుతుంది. ఒక పట్టణంలో మూడు, నాలుగు ఆసుపత్రులున్నప్పుడు ఏది మేలో తేల్చుకొనేందుకు రోగి దానిని చూస్తాడు. తూర్పు కనుమలలోని అరకు లోయ, పాడేరు, ముంచింగిపుట్టు, చింతపల్లి వంటి గిరిజన ప్రాంతాలలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ అనేక గ్రామాలకు అందుబాటులో ఉన్నది ఒకే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కాబట్టి ఆ ఒక్క కేంద్రంలో ఈ రాత్రి వైద్యుడు ఉన్నాడా, కాన్పు జరుగుతుందా, రక్తం దొరుకుతుందా అన్నదే అక్కడ నాణ్యతా సమాచారంలో మొదటి అంశమవుతుంది. కొండ శిఖరం నుండి గర్భిణిని డోలీలో మోసుకొని దిగే నలుగురికి ఆ సమాధానం ముందుగా తెలియడమా, గుమ్మం దగ్గరకు వచ్చిన తరువాత తెలియడమా అన్నదానిపై ఒక్కొక్కసారి రెండు ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఈ నేపథ్యంలో ఆసుపత్రుల నాణ్యతా సమాచారంలో రోగులు వేటికి విలువనిస్తారు, వైద్యులు వేటికి విలువనిస్తారు, ఇద్దరి అవసరాలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్న విషయాలను పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ప్రాంత నేపథ్యం

అరకు లోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నది. పరిపాలనాపరంగా 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. అంతకు పూర్వం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోని 11 మండలాలలో ఇదొకటి. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు పరిధిలోని ఈ ప్రాంతంలో పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.) వివిధ శాఖల కార్యక్రమాలను సమన్వయపరుస్తున్నది.

బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, ఖోండు తదితర తెగల వారు ఇక్కడ నివసిస్తున్నారు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒరియా, కువి, కొండ, గదబ భాషలు ఇళ్లలో వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 49.2 శాతం. అంటే గోడపై అతికించిన తెలుగు పట్టికను చదవగలిగిన వారు అప్పటికి సగం మంది కంటే తక్కువ. నాణ్యతా సమాచారాన్ని రూపొందించే వారు మొట్టమొదట గుర్తుంచుకోవలసిన అంకె ఇది.

జనసాంద్రత తక్కువ, ప్రయాణం కష్టం అన్న వాస్తవాన్ని జాతీయ ప్రమాణాలు కూడా గుర్తించాయి. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలని నిర్దేశించగా, గిరిజన, పర్వత ప్రాంతాలలో ఆ సంఖ్యలను వరుసగా 20,000కు, 3,000కు తగ్గించారు. అయినప్పటికీ జనాభాను బట్టి వేసే లెక్క దూరాన్ని పూర్తిగా పరిగణించదు. ఒక కేంద్రం పరిధిలో మూడు వేల మందే ఉన్నా, వారు పది కొండలపై చెదిరి ఉండవచ్చు.

పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024-25 విద్యా సంవత్సరం నుండి 50 ఎం.బి.బి.ఎస్. సీట్లతో ప్రారంభమైంది. అయినా క్లిష్టమైన కేసులు నేటికీ ఘాట్ రోడ్డు దిగి, 1923లో ప్రారంభమైన విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి (కె.జి.హెచ్.) వరకు వెళుతున్నాయి. కాబట్టి మన్యంలో ఆసుపత్రి నాణ్యత అంటే ఒక భవనానికి సంబంధించిన విషయం కాదు. ఉపకేంద్రం నుండి కె.జి.హెచ్. వరకు సాగే గొలుసులోని ప్రతి లంకెకూ సంబంధించిన విషయం.

నాణ్యతను కొలిచే మూడు కోణాలు

ఆసుపత్రి నాణ్యతను శాస్త్రీయంగా పరిశీలించే పద్ధతికి అమెరికాలో ప్రజారోగ్య ఆచార్యుడు అవెడిస్ డొనబేడియన్ 1966లో పునాది వేశారు. ఆయన నాణ్యతను మూడు భాగాలుగా విభజించారు. భవనాలు, పరికరాలు, సిబ్బంది మొదటి భాగం. రోగికి ఏమి చేశారు, ఎలా చేశారు అన్నది రెండవ భాగం. చివరకు రోగి కోలుకున్నాడా అన్నది మూడవ భాగం. నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే ఈ మూడు మాటలు నేటికీ అనేక దేశాల ప్రమాణాలకు ఆధారంగా ఉన్నాయి.

మన దేశంలో 2007లో వెలువడి 2012లోను, 2022లోను సవరించబడిన భారతీయ ప్రజారోగ్య ప్రమాణాలు ప్రధానంగా మొదటి భాగానికి చెందినవి. ఏ స్థాయి ఆసుపత్రిలో ఎన్ని పడకలు, ఎందరు వైద్యులు, ఏయే మందులు ఉండాలో ఇవి చెబుతాయి. 2013లో ప్రారంభమైన జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు (ఎన్.క్యు.ఎ.ఎస్.) మూడు భాగాలనూ స్పృశిస్తాయి. సేవల లభ్యత, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్య చికిత్స, ఇన్ఫెక్షన్ల నియంత్రణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు అనే 8 విభాగాలలో ఆసుపత్రిని పరిశీలించి మార్కులు వేస్తారు. జాతీయ ధ్రువీకరణకు మొత్తం మీద కనీసం 70 శాతం మార్కులు రావాలి. ధ్రువపత్రం మూడేళ్లపాటు చెల్లుతుంది.

రోగులు విలువనిచ్చే అంశాలు

రోగుల అభిప్రాయాన్ని క్రమపద్ధతిలో సేకరించే ప్రయత్నం రాష్ట్రానికి కొత్త కాదు. 1986 నాటి చట్టం ద్వారా ఏర్పాటైన ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ జిల్లా, ఏరియా ఆసుపత్రుల నిర్వహణను చేపట్టింది. ఆ పరిషత్ పరిధిలోని 25 జిల్లా, ఏరియా ఆసుపత్రులలో 1,179 మంది రోగులను, వారి సహాయకులను ప్రశ్నించి పరిశోధకులు జరిపిన అధ్యయనం 2001లో ప్రచురితమైంది. మొత్తం మీద సంతృప్తి స్థాయి సుమారు 65 శాతంగా తేలింది. అసంతృప్తికి మొట్టమొదటి కారణం సేవలకు చేయి తడపవలసి రావడం. ఆ తరువాతి స్థానాలలో నీరు, ఫ్యాన్లు, దీపాల వంటి కనీస వసతుల లోపం, మరుగుదొడ్ల నిర్వహణ, అపరిశుభ్రత, సిబ్బంది మాటతీరు నిలిచాయి.

ఈ ఫలితాలను జాగ్రత్తగా చదవవలసి ఉన్నది. రోగులు ముందుగా ఫిర్యాదు చేసిన అంశాలలో శస్త్రచికిత్స నైపుణ్యం గాని, మందుల ఎంపిక గాని లేవు. వైద్యుని నైపుణ్యం వారికి ముఖ్యం కాదని దీనికి అర్థం కాదు. దానిని కొలిచే సాధనం వారి చేతిలో లేదు. కళ్లకు కనిపించేది, చెవికి వినిపించేది, జేబు నుండి పోయేది మాత్రమే వారు సాధికారంగా చెప్పగలరు. పైగా అపరిశుభ్రమైన ప్రసూతి గది, నీరు లేని వార్డు ఇన్ఫెక్షన్‌కు దారితీస్తాయి. కాబట్టి రోగి చెప్పిన “చిన్న” విషయాలు వైద్యపరంగా కూడా చిన్నవి కావు.

మన్యం పరిస్థితులకు అన్వయించినప్పుడు రోగులు, వారి కుటుంబాలు ఉపయోగించుకోగలిగిన సమాచారం ఆరు ప్రశ్నలుగా కనిపిస్తుంది.

మొదటిది: ఇప్పుడు ఎవరు ఉన్నారు? వైద్యాధికారి, స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ ఏ రోజులలో, ఏ వేళలలో అందుబాటులో ఉంటారన్నది అన్నిటికంటె ముందు తెలియాలి. మంజూరైన పోస్టుల సంఖ్య రోగికి అక్కరకు రాదు.

రెండవది: ఇక్కడ ఏమి చేస్తారు, ఏమి చేయరు? సాధారణ కాన్పు చేసే కేంద్రంలో సిజేరియన్ వసతి ఉండకపోవచ్చు. ఈ విషయం ముందుగా తెలిస్తే, ప్రమాద లక్షణాలున్న గర్భిణిని నేరుగా పై ఆసుపత్రికి తీసుకువెళతారు. మూడు గంటలు ఆదా అవుతాయి.

మూడవది: ఎంత ఖర్చవుతుంది? 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల వాహనం అన్నీ ఉచితం. ఈ సంగతి తెలియని కుటుంబం అడిగినంతా ఇస్తుంది, లేదా అసలు ఆసుపత్రికే రాదు.

నాలుగవది: మా మాట అర్థమయ్యే వారున్నారా? కువి మాత్రమే వచ్చిన వృద్ధురాలికి తన నొప్పి ఎక్కడ, ఎప్పటి నుండి అన్నది చెప్పుకోగలగడమే సగం వైద్యం.

ఐదవది: మమ్మల్ని ఎలా చూస్తారు? కసురుకోకుండా, ఎదురుచూపులలో నిర్లక్ష్యం చేయకుండా, కాన్పు సమయంలో గోప్యత పాటిస్తారా అన్నది తరువాతి కాన్పుకు ఆ కుటుంబం తిరిగి వస్తుందా లేదా అన్నదానిని నిర్ణయిస్తుంది. కొండపై ఒక కుటుంబానికి జరిగిన అవమానం ఊరంతటికీ సమాచారమే.

ఆరవది: ఇక్కడి నుండి పంపిస్తే ఎలా వెళ్లాలి? 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన 108 అంబులెన్సు రోడ్డు ఉన్నంత వరకు వస్తుంది. రోడ్డు లేని చోట గ్రామం నుండి రోడ్డు వరకు తీసుకువచ్చేందుకు గిరిజన ప్రాంతాలలో 2018లో ద్విచక్ర ఫీడర్ అంబులెన్సులను ప్రవేశపెట్టారు. అవి కూడా చేరలేని చోట నేటికీ డోలీయే శరణ్యం.

మాతృ మరణాలను విశ్లేషించే నిపుణులు మూడు ఆలస్యాలను పేర్కొంటారు. వైద్యం కోసం బయలుదేరడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరిన తరువాత చికిత్స అందడంలో ఆలస్యం. 1994లో ప్రతిపాదించబడిన ఈ విశ్లేషణ మన్యానికి అక్షరాలా వర్తిస్తుంది. పైన చెప్పిన ఆరు ప్రశ్నలకు ముందుగా సమాధానం లభిస్తే మొదటి రెండు ఆలస్యాలు నేరుగా తగ్గుతాయి. ఈ దృష్టితోనే నెలలు నిండిన గర్భిణులను ముందుగానే కొండ దించి ఉంచే పద్ధతి వచ్చింది. సాలూరులో ఐ.టి.డి.ఎ. ఆధ్వర్యంలో 2018లో ప్రారంభమైన గర్భిణుల వసతి గృహం ఇందుకు ఉదాహరణ. అయితే తేదీ తెలియాలి, వసతి ఉన్నదని తెలియాలి, అక్కడ తమ భోజనం, తమ మనుషులు ఉంటారన్న నమ్మకం కలగాలి. అవన్నీ సమాచారమే.

వైద్యులు విలువనిచ్చే అంశాలు

వైద్యుల దృష్టి సహజంగానే వేరుగా ఉంటుంది. వారికి సంతృప్తి శాతాల కంటె చికిత్సా సూచికలు ముఖ్యం. ప్రసవానంతర రక్తస్రావాలు ఎన్ని, శస్త్రచికిత్స అనంతర ఇన్ఫెక్షన్లు ఎన్ని, తక్కువ బరువు శిశువులు ఎందరు బతికారు, మలేరియా రక్తపూత ఫలితం ఎన్ని గంటలలో వచ్చింది అన్నవి తమ పనిని సరిదిద్దుకొనేందుకు వారికి కావాలి.

రెండవది, పోలికలో న్యాయం. ఘాట్ రోడ్డుపై మూడు గంటలు ప్రయాణించి, తీవ్ర రక్తహీనతతో, సికిల్ సెల్ వ్యాధితో వచ్చే గర్భిణులను చూసే ఆసుపత్రిని, నగరంలో క్రమం తప్పని పరీక్షలు చేయించుకొన్న గర్భిణులను చూసే ఆసుపత్రితో ఒకే కొలబద్దపై కొలవరాదన్నది వారి వాదన. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ స్థాయిలో ప్రత్యేక కార్యక్రమం 2023 జూలై 1న ప్రారంభమైందంటే గిరిజన ప్రాంతాలలో ఈ సమస్య తీవ్రత అర్థమవుతుంది.

మూడవది, వనరుల వివరాలు ఫలితాల పక్కనే ఉండాలి. మత్తు వైద్యుని పోస్టు ఖాళీగా ఉన్న ఆసుపత్రిలో సిజేరియన్ల సంఖ్య తగ్గితే ఆ తగ్గుదలకు బాధ్యత ఎవరిదో పట్టిక చూసిన వారికి తెలియాలి. ఖాళీని చూపకుండా ఫలితాన్ని మాత్రమే చూపే సమాచారం సగం సత్యం మాత్రమే.

నాలుగవది, పంపిన రోగి గురించిన తిరుగు సమాచారం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు ఒక రోగిని కె.జి.హెచ్.కు పంపిన తరువాత, తన నిర్ధారణ సరైనదా, ఆలస్యంగా పంపానా, ఆ రోగి ఏమయ్యాడు అన్నది తెలియనట్లయితే తదుపరి రోగి విషయంలో నేర్చుకొనేందుకు అవకాశం ఉండదు. కొండపై ఒంటరిగా పనిచేసే యువ వైద్యునికి ఈ ఒక్క చీటీ ఒక శిక్షణ తరగతితో సమానం.

రిపోర్టు కార్డులు నేర్పిన పాఠం

ఆసుపత్రుల ఫలితాలను బహిరంగపరచడం కొత్త ఆలోచన కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పందొమ్మిదవ శతాబ్దంలోనే ఆసుపత్రి మరణాల లెక్కలను ఒకే పద్ధతిలో నమోదు చేయాలని కోరారు. ఆధునిక కాలంలో అమెరికాలోని న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు గుండె శస్త్రచికిత్స మరణాల రేటును ఆసుపత్రుల వారీగా, వైద్యుల వారీగా 1990వ దశకంలో ప్రచురించాయి.

పెన్సిల్వేనియాలో దీని ప్రభావంపై జరిగిన రెండు అధ్యయనాలు నేటికీ ప్రామాణికమైనవి. 1996లో వెలువడిన మొదటి అధ్యయనంలో గుండె వైద్యులలో 82 శాతం మందికి ఈ నివేదిక గురించి తెలిసినా, శస్త్రచికిత్స నిపుణుల పనితీరును అంచనా వేయడంలో దానిలోని మరణాల రేటును చాలా ముఖ్యంగా పరిగణించిన వారు దాదాపు 10 శాతం మాత్రమేనని తేలింది. అంతకంటె ఆందోళనకరంగా, శస్త్రచికిత్స నిపుణులలో 63 శాతం మంది తీవ్రస్థితిలో ఉన్న రోగులకు శస్త్రచికిత్స చేసేందుకు తమ సంసిద్ధత తగ్గిందని చెప్పారు. 1998లో వెలువడిన రెండవ అధ్యయనం రోగులను ప్రశ్నించింది. శస్త్రచికిత్సకు ముందు నివేదిక గురించి తెలిసినవారు 12 శాతం. తమ ఆసుపత్రి లేదా వైద్యుని రేటింగు సరిగా తెలిసి, దానిని తమ నిర్ణయానికి ఉపయోగించుకొన్నవారు ఒక శాతం కంటె తక్కువ.

ఈ పాఠం మన్యానికి నేరుగా వర్తిస్తుంది. మరణాల సంఖ్యను బట్టి మాత్రమే ఒక ఏరియా ఆసుపత్రికి ర్యాంకు ఇచ్చినట్లయితే, ప్రమాదకర స్థితిలో వచ్చిన గర్భిణిని చేర్చుకోకుండా కింది ఆసుపత్రికి పంపివేయాలన్న ప్రలోభం ఏర్పడుతుంది. ఆమె ఘాట్ రోడ్డుపై మరణిస్తే ఆ మరణం ఆ ఆసుపత్రి పట్టికలో కనిపించదు. పట్టిక బాగుపడుతుంది, తల్లి దక్కదు. అందువలన మన్యంలో పంపివేసిన కేసుల సంఖ్య, పంపేముందు ఇచ్చిన ప్రాథమిక చికిత్స, దారిలో జరిగిన మరణాలు ఈ మూడూ లేని ఫలితాల పట్టికను అసంపూర్ణంగానే పరిగణించాలి.

చిన్న సంఖ్యల సమస్య

గిరిజన ప్రాంతాలలో మరొక సాంకేతిక అంశం ఉన్నది. ఉదాహరణకు ఏడాదికి 50 కాన్పులు జరిగే ఒక కేంద్రంలో ఒక శిశువు మరణిస్తే రేటు 2 శాతం. మరుసటి సంవత్సరం ఒక్క మరణమూ లేకపోతే సున్నా. ఈ మార్పును “మరణాలు పూర్తిగా నివారించిన కేంద్రం” అని రాయడం గాని, అంతకు ముందు సంవత్సరం “మృత్యు కేంద్రం” అని రాయడం గాని రెండూ పొరపాట్లే. ఇటువంటి కేంద్రాల విషయంలో మూడు నుండి ఐదు సంవత్సరాల లెక్కలను కలిపి చూడటం, శాతంతో పాటు అసలు సంఖ్యను ఇవ్వడం సరైన పద్ధతి.

చిన్న సంఖ్యల వల్ల గోప్యతకూ భంగం కలగవచ్చు. ముప్పై గడపల ఊరిలో “ఒక సికిల్ సెల్ గర్భిణి” అని ప్రకటిస్తే ఆమె ఎవరో ఊరందరికీ తెలుస్తుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన 17 అంశాల రోగుల హక్కుల పత్రంలో సమాచారం పొందే హక్కు, గోప్యతా హక్కు రెండూ ఉన్నాయి. ఒకదాని కోసం మరొకదానిని విస్మరించరాదు.

అందుబాటులో ఉన్న సమాచార మార్గాలు

ఆసుపత్రుల నాణ్యతపై ప్రస్తుతం పలు మార్గాలలో సమాచారం లభిస్తున్నది. ప్రతి దాని ప్రయోజనం, పరిమితి తెలుసుకొని వినియోగించుకోవాలి.

కాయకల్ప: 2015 మే 15న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ కార్యక్రమంలో పరిశుభ్రత, వ్యర్థాల నిర్వహణ, ఇన్ఫెక్షన్ల నియంత్రణ వంటి అంశాలపై ఆసుపత్రులకు మార్కులు, నగదు పురస్కారాలు ఇస్తారు. రోగులు మొట్టమొదట గమనించే పరిశుభ్రతకు ఇది కొలమానం. చికిత్సా ఫలితాలకు కాదు.

లక్ష్య: 2017 డిసెంబరులో ప్రారంభమైన ఈ కార్యక్రమం ప్రసూతి గది, ప్రసూతి ఆపరేషన్ థియేటర్ల నాణ్యతకు, గర్భిణి పట్ల మర్యాదపూర్వక సేవలకు ఉద్దేశించినది.

మేరా అస్పతాల్: 2016లో ప్రారంభమైన ఈ వ్యవస్థలో రోగి నమోదు సమయంలో ఇచ్చిన ఫోను నెంబరుకు సంక్షిప్త సందేశం గాని, ఫోను కాల్ గాని వస్తుంది. సంతృప్తి చెందారా, లేనట్లయితే సిబ్బంది ప్రవర్తనా, పరిశుభ్రతా, ఖర్చా, చికిత్సా కారణం అని అడుగుతారు. రోగి మాటను నేరుగా వినే మంచి ఏర్పాటిది. కాని సిగ్నలు లేని గూడెం, ఫోను లేని కుటుంబం, తెలియని భాషలో ప్రశ్న ఎదురైన రోగి ఇందులో లెక్కకు రారు. కొండ ప్రాంతం నుండి ఫిర్యాదులు తక్కువగా వచ్చినంత మాత్రాన సంతృప్తి ఎక్కువగా ఉన్నదని భావించరాదు.

నెలవారీ నివేదికలు: ప్రతి ఆరోగ్య కేంద్రం నుండి కాన్పులు, టీకాలు, రెఫరల్స్, మరణాల వివరాలు 2008లో ప్రారంభమైన ఆరోగ్య నిర్వహణ సమాచార వ్యవస్థలో (హెచ్.ఎం.ఐ.ఎస్.) నమోదవుతున్నాయి. కేంద్రం తానే పంపే లెక్కలు కావడం వలన వీటిని క్షేత్రస్థాయి రిజిస్టర్లతో సరిపోల్చుకోవడం అవసరం.

సమాచార హక్కు చట్టం: 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చిన ఈ చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే తమ సమాచారాన్ని వెల్లడించాలి. దానిని వ్యాప్తి చేసేటప్పుడు స్థానిక భాషను, ఆ ప్రాంతంలో అత్యంత సమర్థమైన ప్రచార మార్గాన్ని పరిగణనలోకి తీసుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతున్నది. మన్యం విషయంలో ఈ నిబంధన ప్రాధాన్యాన్ని ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

సంతకు చేరే సమాచారం

వెబ్‌సైట్‌లోని మార్కుల పట్టిక అధికారికి, పాత్రికేయునికి ఉపయోగపడుతుంది. డుంబ్రిగూడ కొండపైనున్న రైతుకు అది చేరదు. ఆయనకు సమాచారం చేరేది వారపు సంతలో, అంగన్‌వాడీ దగ్గర, ఆశా కార్యకర్త నోట, ఊరి దండోరాలో. కాబట్టి ఆసుపత్రిలో ఏయే రోజులలో ఏ సేవలు లభిస్తాయో సంత రోజున స్థానిక భాషలో చెప్పించడం, ఆశా కార్యకర్తలకు ముందుగా తెలియజేయడం ఖర్చు లేని పనులు.

అక్షరం రాని వారికి నాణ్యతను చూపేందుకు రంగుల పద్ధతి ఒకటి ఉన్నది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 2007 నుండి 2009 వరకు 9 రాష్ట్రాలలో ప్రజా పర్యవేక్షణను ప్రయోగాత్మకంగా అమలుపరచినప్పుడు గ్రామస్తులు తామే ఆరోగ్య సేవలకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో మార్కులు వేసిన రిపోర్టు కార్డులు తయారుచేశారు. పొరుగున ఉన్న ఒడిశా ఆ 9 రాష్ట్రాలలో ఒకటి. రంగు చూడటానికి చదువు అక్కరలేదు. ఎరుపు ఎందుకు వచ్చిందన్న చర్చ గ్రామసభలోనే మొదలవుతుంది.

అలాగే కొండ దిగి నగరానికి వెళ్లిన రోగికి దారి చూపేవారు కావాలి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో ఆరోగ్యమిత్రల నియామకం, కె.జి.హెచ్.లో గిరిజన రోగుల కోసం ఎస్.టి. సెల్ ఏర్పాటు ఈ అవసరాన్ని గుర్తించిన చర్యలే. వార్డు ఎక్కడ, సంతకం ఎవరిది, రక్తం ఎక్కడ అన్నవి తెలియక పెద్ద ఆసుపత్రి వరండాలో గడిచే గంటలు కూడా మూడవ ఆలస్యంలో భాగమే.

ఇద్దరూ కలిసే చోటు

రోగి మర్యాద, ఖర్చు, లభ్యత గురించి అడుగుతున్నాడు. వైద్యుడు సూచికలు, న్యాయమైన పోలిక, వనరుల గురించి అడుగుతున్నాడు. పైకి వేరుగా కనిపించే ఈ రెండు జాబితాలు మూడు విషయాలలో ఏకమవుతాయి.

ఒకటి, సమాచారం తాజాగా ఉండాలి. నిరుడు బదిలీ అయిన వైద్యుని పేరు ఇంకా గోడపై ఉంటే రోగి మోసపోతాడు, కొత్త వైద్యుడు మాటపడతాడు.

రెండు, సమాచారం నిజమైనదిగా ఉండాలి. పని చేయని ఎక్స్‌రే యంత్రాన్ని “ఉన్నది” అని రాయడం వలన రోగికి, అక్కడ పనిచేసే వైద్యునికి ఇద్దరికీ నష్టమే. యంత్రం చెడిపోయిందని బహిరంగంగా రాస్తే మరమ్మతుకు ఒత్తిడి పెరుగుతుంది.

మూడు, చెప్పిన దానిపై చర్య జరగాలి. ఫిర్యాదుకు ఏమి చేశారో తిరిగి చెప్పనప్పుడు రోగి రెండవసారి నోరు విప్పడు. ఖాళీలను నివేదించినా భర్తీ కానప్పుడు వైద్యుడు నివేదికపై నమ్మకం కోల్పోతాడు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో గత సమావేశపు ఫిర్యాదులు, వాటిపై తీసుకున్న చర్యలు మొదటి అంశంగా ఉండటం ఇందుకు సులభమైన మార్గం.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసిన అంశాలు

1. ఆసుపత్రి మార్కులను పేర్కొనేటప్పుడు అవి ఏ కార్యక్రమం కింద, ఏ సంవత్సరంలో వచ్చాయో తెలపాలి. కాయకల్ప మార్కులు చికిత్సకు ధ్రువపత్రం కావు.

2. రెండు ఆసుపత్రులను పోల్చేటప్పుడు రోగుల స్థితి, దూరం, ఖాళీ పోస్టుల వివరాలు పక్కనే ఇవ్వాలి.

3. శాతంతో పాటు అసలు సంఖ్యను ఇవ్వాలి. ఒక్క సంవత్సరపు లెక్కతో తీర్పు చెప్పరాదు.

4. పంపివేసిన కేసులు, దారిలో జరిగిన మరణాలు కలపకుండా మరణాల రేటును ప్రచురించరాదు.

5. రోగి పేరు, ఊరు, తెగ మూడూ కలిపి రాసినప్పుడు పేరు తొలగించినా మనిషి గుర్తింపబడతాడు. జాగ్రత్త వహించాలి.

6. ప్రతి ఆరోగ్య కేంద్రం గుమ్మం దగ్గర “ఈ రోజు ఉన్న సిబ్బంది, ఈ రోజు లభించే సేవలు, లేని సేవలకు వెళ్లవలసిన చోటు” అనే మూడు అంశాలను బొమ్మలతో సహా ప్రదర్శించాలి. అదే సమాచారం ముందురోజు సాయంత్రానికి ఆశా కార్యకర్తలకు చేరాలి.

7. పంపిన రోగి ఫలితాన్ని పంపిన వైద్యునికి తెలియజేసే పద్ధతిని పై ఆసుపత్రులు క్రమంగా పాటించాలి.

నాణ్యతా సమాచారం ఒక ఆసుపత్రిని పొగిడేందుకో, నిందించేందుకో ఉద్దేశించినది కాదు. డోలీ మోసే వారు ఏ దారి పట్టాలో కొండపై బయలుదేరకముందే తెలియజేయడం, వారు చేరే గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండవలసిన వైద్యునికి కావలసినవి సమకూర్చడం దాని ప్రయోజనం. మన్యంలో ఏ పట్టికనైనా, ఏ ర్యాంకునైనా ఈ రెండు పనులకు అది ఎంతవరకు ఉపకరించిందన్న గీటురాయిపైనే పరీక్షించవలసి ఉన్నది.